ఇద్దరు భీమవ్వలు

ఆ పొద్దున ఆకాశం తెరిపి ఇవ్వలేదు. మూడు రోజులుగా అదే ముసురు. వాన అందామంటే వాన కాదు, మంచు అందామంటే మంచు కాదు. బోధన్ చుట్టూ చెరుకు కోతలు ఆగిపోయాయి. గల్లీలో ఏ వాకిట్లోనూ బీడీ తంబాకు ఎండబోసిన గోనెపట్టా లేదు. తలుపులు మూసుకుని, పొయ్యిల పక్కనే ఆరబెట్టుకుంటున్నారు. ఆ ఘాటుకు దారిన పోయే కుక్క కూడా తుమ్మి పోతోంది.

బాలనర్సయ్య ఇంట్లో ఎవరూ తుమ్మలేదు. నలుగురి మధ్య, చాపమీద, ఒక కాగితం ఉంది.

"ఇంకోపారి సదువు," అన్నాడు రాజనర్సు.

"పేర్లు సదివిన గదన్నా."

"ఇంకోపారి సదువు అంటున్న."

స్వరూప కాగితం వైపు చూడలేదు. నిన్న మధ్యాహ్నం నిజామాబాద్ కంప్యూటర్ సెంటర్‌లో అది ప్రింటరు లోంచి బయటికి వచ్చినప్పటి నుంచి ఆమెకు ప్రతి వరసా కంఠస్థమే.

ఆరు నెలలుగా ఆమె, సెంటర్ నడిపే దేవిదాస్ కలిసి బీడీలు చేసే ఆడవాళ్ళ కోసం ఒక కంప్యూటర్ ఆట తయారు చేస్తున్నారు. తెరమీద ఒక ఆమె చాట ఒళ్ళో పెట్టుకుని కూచుంటుంది. ఆడేవాళ్ళు ఆమె చేత బీడీలు చేయించాలి. కిటికీ తెరవాలా, మూసే ఉంచాలా. నీళ్ళు తాగడానికి లేవాలా, అక్కర్లేదా. కార్ఖానాలో మంచి బీడీలు తీసి పారేస్తే ఎందుకని అడగాలా, తల వంచుకుని రావాలా. అంతా ఆడేవాళ్ళ చేతిలోనే ఉంటుంది. కిటికీ మూసే ఉంచి వెయ్యి మీద వెయ్యి చేయిస్తే తెరమీది ఆమె దగ్గి దగ్గి చచ్చిపోతుంది. మళ్ళీ మొదలుపెడితే లేచి కూచుంటుంది. ఆట అయిపోయాక బొమ్మలు చూపించి, ఆడినవాళ్ళ ఒంటి సంగతి అడుగుతుంది. చదువు రానివాళ్ళ కోసం ఆ ప్రశ్నలన్నీ స్వరూప తన గొంతుతోనే చెప్పింది.

పోయిన ఆదివారం బోధన్‌లో, బీడీ సంఘం గదిలో, నలభై ఇద్దరు ఆ ఆట ఆడారు. సంఘం విమలమ్మ కంప్యూటర్ పక్కన కూచుని ఒక్కొక్కరి పేరూ, ఇంటి నంబరూ అడిగి టైపు చేసింది. తెలిసినవాళ్ళు ఎదురుగా ఉంటే నిజం చెప్పరని స్వరూప కావాలనే ఆ పూట పోలేదు.

నలభై రెండు పేర్లలో ఒకే పేరు, ఒకే ఇంటి నంబరు, రెండుసార్లు ఉంది. భీమవ్వ. మళ్ళీ భీమవ్వ.

భీమవ్వ స్వరూపకు నాయనమ్మ. చనిపోయి పదకొండేళ్ళయింది.

"నీకు దిమాక్ గిట్ల ఉందా అవ్వా?" రాజనర్సు తల్లి వైపు తిరిగాడు. "పేరేందంటే నీ పేరు జెప్పాలె గదా! సచ్చిపోయినామె పేరు జెప్తరా ఎవలన్న?"

అంజవ్వ మనవరాలిని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆకు కత్తిరిస్తోంది. చెయ్యి ఆగలేదు.

"టేబుల్ ముంగట కూసోబెట్టి పేరేందంటే కార్ఖానోళ్ళిచ్చిన కార్డుమీది పేరే నోటికొస్తది కొడుకా. కోడలై వచ్చిన్నాటి సంది మీ నాయనమ్మ కార్డు మీదనే చేస్తున్న. కార్ఖానల ఎవలన్న అంజవ్వా అని పిలిస్తే నేను తిరిగి గూడ సూడ."

"మరి నువ్వు?" అన్నాడు భార్యతో.

రాధాబాయి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "నేను గూడ గదే కార్డు మీద చేస్తున్న గదా," అంది మెల్లగా.

"చేస్తున్నవని ఊరంత డప్పు గొడ్తవా? రేపు ఆఫీసోళ్ళు గీ కాగితం సూస్తే ఏమైతది? సచ్చినామె ఆకు తెచ్చుకుంటుంది, బీడీలిస్తుంది, గిప్పుడు కంప్యూటర్ ఆట గూడ ఆడుతుంది అంటరు. ఉన్న కార్డు గుంజుకుంటరు. ఇగ ఆకు ఏడికెళ్ళి తెస్తరు?" కాగితం చింపడానికి వంగాడు.

"అన్నా, కార్డు సంగతి తర్వాత," అంది స్వరూప. "ఎర్రగీత కొట్టిన కాడ సూడు."

"నువ్వే జెప్పు."

"'అక్కా, దగ్గుతే నెత్తురు పడుతదా' అని అడిగిన. మొదటి భీమవ్వ పడదని ఒత్తింది. రెండో భీమవ్వ పడుతదని ఒత్తింది. ఎన్నాళ్ళ సంది అంటే మూడు చంద్రుల బొమ్మ మీద ఒత్తింది. మూడు నెలల సంది."

రాజనర్సు వంగినవాడు వంగినట్టే ఉన్నాడు.

"ఎవలు?" అన్నాడు.

పొయ్యి మీద పెట్టిన నీళ్ళు మరిగి మూత ఎగిరింది. ఎవరూ దించలేదు.

"మీ ఇద్దర్ల ఒకలకు మూడు నెలల సంది నెత్తురు పడుతుంది," అంది స్వరూప. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "మిషిన్ల అడిగితే జెప్పిండ్రు. ఇంట్ల ఉన్న నాకు జెప్పలే. ఎవలు వొదినే? ఎవలు అవ్వా?"

కత్తెర ఆగింది.

"నేనే," అంది అంజవ్వ.

రాజనర్సు లేచి నిలబడ్డాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఒక్క అడుగే. కాని స్వరూప చూసింది. అంజవ్వా చూసింది. వెంటనే వాడు ముందుకు వచ్చి, తల్లి ఒళ్ళోంచి నిద్రపోతున్న పిల్లను ఎత్తి, రాధాబాయి చేతుల్లో పెట్టాడు.

రాధాబాయి పిల్లను దగ్గరికి తీసుకోలేదు. నిండుకుండ పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుంది.

ఇంతసేపూ గుమ్మం దగ్గర కూచున్న తండ్రి బాలనర్సయ్యకు ఏమీ వినపడలేదు. ఇరవై ఆరేళ్ళు చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడే మిల్లు పక్కన నిలబడ్డాడు. చెవులు అక్కడే పోయాయి. ఆ తర్వాత పనీ పోయింది. ఇంట్లో మాటలు మొహాలు చూసి తెలుసుకుంటాడు. లేచి వచ్చి కాగితం తీసుకున్నాడు. తలుపు సందు వెలుతురులో పెట్టి, వేలు ఆనించి, వరస తర్వాత వరస చదివాడు.

"మా అవ్వకు బతికున్నన్ని రోజులు దగ్గు లేకుండె," అన్నాడు.

ఆయన కాగితం నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో వేసుకున్నాడు. మళ్ళీ గుమ్మం దగ్గరికి పోయి కూచున్నాడు.

"చందూర్ల మామ ఇంటెనుక కొట్టం ఖాళీగనే ఉన్నది," రాజనర్సు గోడతో చెబుతున్నట్టు అన్నాడు. "నయమయ్యేదాక గాడ ఉండు. ఇంట్ల చిన్నపిల్ల ఉన్నదవ్వా."

"పోత తీ," అంది అంజవ్వ.

"ఎవ్వలు ఏడికి పోరు," అంది స్వరూప. "మందులున్నయి. సర్కారు దవాఖానల ఉత్తగనే ఇస్తరు. ఆరు నెలలు ఇడవకుంట మింగితే పోతది."

"సత్తవ్వ కోడలు గూడ మింగింది," అన్నాడు రాజనర్సు.

గల్లీ చివరింటి సత్తవ్వ కోడలిని మూడేళ్ళ కింద ఇదే రోగమని వేల్పూర్‌కు, పుట్టింటికి పంపారు. ఆమె ట్రంకుపెట్టె రాజనర్సు నడిపే చెరుకు ట్రాక్టర్‌లోనే పోయింది. వాళ్ళ గడప ముందు పెట్టె దించి, ఇచ్చిన నీళ్ళు తాగకుండా తిరిగొచ్చానని వాడే చెప్పాడు. ఆమె మళ్ళీ రాలేదు.

రాధాబాయి పిల్లను చాపమీద పడుకోబెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పొయ్యి దగ్గరికి పోయింది.

*

సర్కారు దవాఖానలో కఫం పరీక్షలు చూసే దేవన్నకు గల్లీ గల్లీలో బీడీలు చేసేవాళ్ళు పరిచయమే.

"పేరు?"

అంజవ్వ నోరు తెరిచింది. 'భీ' దగ్గర పెదాలు కలిశాయి. ఆగింది.

"అంజవ్వ."

"ఏందమ్మా, పేరు జెప్పనీకె గంత సోచాయిస్తున్నవు? మొగుని పేరు అడుగలే, నీ పేరే అడిగిన." దేవన్న నవ్వుతూ చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి, దాని పక్కన చీటీ అంటించి, పేరు రాశాడు. "గింత దగ్గి గిండ్ల ఊంచు. ఉమ్మి గాదు. లోపలికెళ్ళి తియ్యాలె."

ఆమె గోడ వెనక్కి పోయి, కాసేపటికి వచ్చింది. డబ్బా ఖాళీగా ఉంది.

"వస్తలేదు సారూ."

"రాకుంటే ఫికరు లేదు. రేపు పొద్దుగాల లేవంగనే, నోరు కడుగకముందే తీసి పట్కరాండ్రి. గప్పుడే అసలైంది వస్తది." స్వరూప వైపు తిరిగాడు. "నువ్వేనా గా ఆట చేసిన పిల్లవు? విమలమ్మ జెప్పింది. నీకు తెల్వందేముంది. గ్లాసుతోని, పళ్ళెంతోని రాదమ్మా గిది. దగ్గుతోని వస్తది. రోగమున్న మనిషి కూసునే కాడ కిటికీ తెరిచి ఉంచుండ్రి. గంతే. ఇంట్లకెళ్ళి ఎల్లగొట్టకుండ్రి."

"సరే సార్."

అంజవ్వ డబ్బా మూత బిగించింది. ఒకసారి బిగించి, చాలదన్నట్టు ఇంకోసారి బిగించింది. ఎడమచేత్తో.

స్వరూప ఆ చేతినే చూస్తూ నిలబడిపోయింది.

కాగితం ఇంట్లో తండ్రి జేబులో ఉంది. ఆమెకు కాగితం అక్కర్లేదు. నిన్నటి నుంచి ఎర్రగీత కొట్టిన జవాబులే చూసింది. అసలు మొదటి వరసలో ఉన్నది కళ్ళ ముందే ఉండి కనపడలేదు.

బయట ముసురు పట్టు విడవలేదు. తడిసిన చెరుకు లోడులతో ట్రాక్టర్లు రోడ్డు వారగా వరసగా ఆగి ఉన్నాయి. చాయ్ కొట్టు ముందు కట్టిన తాడిపత్రి పట్టా కింద ఇద్దరూ నిలబడ్డారు. స్వరూప రెండు చాయ్‌లు చెప్పింది. వచ్చాయి. తాగలేదు.

"అవ్వా, నువ్వు పుర్రచేత్తోని కత్తెర పడుతవు."

"గిది కొత్తగ సూస్తున్నవా? మా అత్త గదే తిట్టేది. పుర్రచెయ్యి బీడీ అని."

"ఆటల మొట్టమొదలు రెండు చేతుల బొమ్మలుంటయి. కత్తెర ఏ చేత్తో పడుతవని అడుగుత. లోకంల ఎవ్వలు పెట్టరు గది. నీకోసం పెట్టిన. ఆటల ఆమె నీలెక్క కత్తిరియ్యాలెనని."

అంజవ్వ చాయ్ గ్లాసు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

"మొదటి భీమవ్వ ఎడమచెయ్యి ఒత్తింది," అంది స్వరూప. "నెత్తురు పడుతదన్న భీమవ్వ కుడిచెయ్యి ఒత్తింది."

ఒక ట్రాక్టర్ డ్రైవర్ హారన్ కొట్టాడు. ముందున్నవాడు కదల్లేదు. ఇద్దరూ తిట్టుకున్నారు. ఆ తిట్లు అయిపోయాక అంజవ్వ అడిగింది.

"చెయ్యి సంగతి ఎంతమందికి ఎరుక?"

"నాకొక్కదానికే."

"అయితే నీ కడుపులనే ఉండని."

"నీకెప్పటి సంది ఎరుక?"

"దీపావళి ముంగట. తానం చేసే కాడ నీళ్ళమీద నీళ్ళు పోస్తుంది. గిన్ని నీళ్ళెందుకే పిల్లా అని పోయి సూస్తి." అంజవ్వ వేలితో గ్లాసు అంచు తుడిచింది. "నా కాళ్ళు పట్టుకున్నది. నీ కొడుకుకు జెప్పకు అత్తమ్మా అన్నది. గంతే. ఇగ ఇంకేమనలే."

"మూడు నెలలు! మూడు నెలలు మీరిద్దరు..." అంది స్వరూప. "పిల్ల ఆమె పక్కల్నే పండుకుంటుంది."

"నా పక్కల పండుకోబెట్టుకుంటున్న. నువ్వు సూస్తలేవా? ముసల్దానికి మనుమరాలి మీద పావురం ఎక్కువైందని నవ్వితివి గదా."

నిజమే. నవ్వింది. పొద్దున ఆ పిల్లనే రాజనర్సు అంజవ్వ ఒళ్ళోంచి తీసి రాధాబాయి చేతుల్లో పెట్టాడు. స్వరూపకు కాళ్ళ కింద తడి ఒక్కసారిగా తెలిసింది.

అంజవ్వ కొంగుముడి విప్పింది. ప్లాస్టిక్ డబ్బా తీసి కూతురికి చూపించింది.

"రేపు పొద్దుగాల గిండ్ల రాధ ఊంచుతది. నువ్వు పట్కపోయియ్యి."

"దానిమీద నీ పేరుంది."

"ఉండని."

"అవ్వా!"

"ఏంది అవ్వా? కార్డు మీద మీ నాయనమ్మ పేరుంటే నేను బీడీలు చెయ్యలేదా? నా పేరు మీద రాధకు మందు రాదా?"

స్వరూప తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఆమె వేళాకోళం చేయడం లేదు. బాగా ఆలోచించుకునే చెబుతోంది. గోడ వెనక్కి పోయి ఖాళీ డబ్బాతో వచ్చినప్పుడే ఇది తేలిపోయింది.

"గిది బీడీ గాదవ్వా. మందు దేవన్న సార్ ముంగటనే మింగాలె. నీకు లేని రోగానికి నువ్వు మింగుతవా?"

"నోట్ల పెట్టుకొని బయటికొచ్చి తీస్త."

"మనిషి బరువు సూసి గోలీలు ఇస్తరు. నీ బరువెంత, వొదినె బరువెంత? ఇంట్ల పిల్లలుంటే వాళ్ళకు గూడ పరీక్ష చెయ్యాలంటరు. పిల్ల తల్లికా, నాయనమ్మకా, ఎవలకు రోగమని అడుగుతరు. గప్పుడు ఏం జెప్తవు?"

"గవన్ని నీకెరుక. నువ్వే ఏదన్న దారి దియ్యి."

"దారి ఒక్కటే. వొదినెను తీసుకొచ్చి ఆమె పేరు మీదనే..."

"తెస్తవు. పేరు రాపిస్తవు. పొద్దుగూకేసరికి గల్లీకంత ఎరుకైతది. ఇగ మీ అన్న ఏం జేస్తడో జెప్పు." అంజవ్వ గొంతు పెంచలేదు. "నన్ను చందూర్ పంపుతడు. పోత. ఆరు నెలలకు మల్ల వస్త. గది నా ఇల్లు, నన్ను ఎవ్వలు రావద్దనరు. రాధను పంపితే మల్ల తెస్తడా? ఆ సత్తవ్వ కోడలు పెట్టె ఎక్కించింది వాడే. ఇంకో పెట్టె ఎక్కించుడు వానికి ఎంతసేపు?"

"అన్న గసొంటోడు గాదు."

"నేను కన్నోన్ని నాకు జెప్తవా? వాడు శెడ్డోడు గాదు. భయస్తుడు. పొద్దుగాల నా దిక్కు సూసి ఎన్కకు జరిగిండు గదా. కన్నతల్లిని సూసి జరిగినోడు పెండ్లాన్ని సూసి జరుగడా?"

చాయ్ మీద మీగడ కట్టింది.

"నీ ఆటల గామె సచ్చి సచ్చి లేస్తది బిడ్డా," అంది అంజవ్వ. "మీ నాయనమ్మ గూడ గంతే. సచ్చి పదకొండేండ్లాయె, బీడీలు చేస్తనే ఉంది. రాధ అట్ల గాదు. ఒక్కపారి ఆ గడప దాటితే మల్ల లేవది." డబ్బా కొంగులో ముడి వేసుకుంది. "అందరి హక్కులు ఆటల పెట్టిన అంటవు. కోడలికేం హక్కున్నదో, గా బొమ్మ గూడ పెట్టినవా?"

స్వరూప దగ్గర ఆ బొమ్మ లేదు.

*

ఇంటికి వచ్చేసరికి రాజనర్సు బయటికి పోయి ఉన్నాడు. బాలనర్సయ్య గుమ్మం దగ్గరే కూచున్నాడు. స్వరూప ఆయన ఎదురుగా నిలబడి, పెదాలు కనపడేలా, దేవన్న చెప్పిందంతా చెప్పింది. గ్లాసుతో రాదని, దగ్గుతో వస్తుందని, రోగమున్న మనిషి దగ్గర కిటికీ తెరిచి ఉంచాలని. ఆయన తల ఊపాడు. ఎవరికి రోగమో ఆమె చెప్పలేదు. ఆయన అడగలేదు. చెయ్యి మాత్రం ఒకసారి జేబు మీదికి పోయింది.

ఆ గదికి రెండు కిటికీలు. రెండింటికీ గోనెసంచులు మేకులతో కొట్టి ఉన్నాయి. గాలి తగిలితే ఆకు ఎండి పెళుసెక్కుతుందని, తంబాకు ఎగిరిపోతుందని. పెళ్ళయి రాధాబాయి ఈ ఇంటికి వచ్చిన నాటికే అవి కొట్టి ఉన్నాయి.

రాధాబాయి పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు చేస్తోంది. మహారాష్ట్ర సరిహద్దు ఊళ్ళలో పెరిగిన చెయ్యి. రొట్టె అరచేతుల మధ్య తిరుగుతూనే వెడల్పవుతుంది. కొంగు ముక్కు మీదుగా చెవి వెనక్కి దోపుకుని ఉంది. పొగకని అనుకునేవాళ్ళంతా.

స్వరూప పక్కన కూచుంది.

"వొదినే."

రొట్టె పెనం మీద పడింది.

"నాకెరుకైంది."

రాధాబాయి రొట్టె తిప్పింది. ఇంకోవైపు కాలింది. దించింది. ఇంకో ముద్ద తీసుకుంది. అప్పుడు అంది:

"నీ గొంతే అడిగింది స్వరూపా. మిషిన్లకెళ్ళి. 'అక్కా, దగ్గుతే నెత్తురు పడుతదా' అని. నువ్వే పక్కన కూసొని అడిగినట్టు ఉండె. అత్తమ్మకు ఎరుకే గని, ఆమె గూడ గా మాట నోట తియ్యది. నన్ను గది అడిగినోళ్ళు ఎవ్వలు లేరు." ముద్దను తట్టింది. "ఒత్తిన. పేరు నాది గాదు గదా, ఏమైతదిలే అనుకున్న."

"నాకే జెప్తే అయిపోవు గదా."

"నీకు జెప్తే నువ్వు నిజం జేస్తవు," అంది రాధాబాయి. "ఆటల అయితే ఆటనే ఉంటదనుకున్న."

ఆమె పక్కన, విడిగా, ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. ఆట మూడో మెట్టు దాటినవాళ్ళకు విమలమ్మ ఇచ్చిన గ్లాసు. ఆదివారం నుంచి రాధాబాయి దాంట్లోనే తాగుతోంది. ఇంకెవరినీ ముట్టనివ్వడం లేదు. గెలిచిన గ్లాసని ఎంత గర్వమో అని మొన్న స్వరూప ఏడిపించింది. ఆమె నవ్వి ఊరుకుంది.

"రేపు నువ్వు నాతోని దవాఖానకు రా వొదినే. నీ పేరు మీద. నేనుంట నీ ఎంబడి."

"ఆయన వచ్చిండు," అంది రాధాబాయి. వాకిట్లో చెప్పులు విదిల్చిన చప్పుడు.

*

పొద్దు ఉండగానే చీకటి పడ్డట్టయింది. అందరూ తినడానికి కూచున్నారు. జొన్నరొట్టెలు, పప్పు, పచ్చిపులుసు. రోగమున్న మనిషి దగ్గర కిటికీ తెరిచి ఉంచాలన్నారని స్వరూప అన్నకూ చెప్పింది; తిన్నంక తీస్త అన్నాడు వాడు.

అంజవ్వ తనంతట తానే పళ్ళెం తీసుకుని ఒక కిటికీ కింద, దూరంగా కూచుంది. రాధాబాయి వడ్డించి, రెండో కిటికీ కింద, పొయ్యి పక్కన కూచుంది. పిల్ల అంజవ్వ వైపు పాకింది. రాజనర్సు కాలు అడ్డం పెట్టి ఆపి, తన తొడమీద కూచోబెట్టుకున్నాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రొట్టె తుంచాడు, తినలేదు.

తల్లి ముందు నీళ్ళు లేవని చూశాడు. లేచాడు. గ్లాసుల వరుస వైపు చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాడు. ఇటూ అటూ చూశాడు. పొయ్యి పక్కన విడిగా ఉన్న స్టీలు గ్లాసు కనిపించింది. తీశాడు. నీళ్ళు ముంచి తెచ్చి తల్లి ముందు పెట్టాడు. విడిగా ఉన్న గ్లాసు, ఇక ఆమెకు.

రాధాబాయి చెయ్యి గాలిలోకి లేచింది. నోరు తెరుచుకుంది. చెయ్యి అక్కడే ఆగింది.

అంజవ్వ ఆ చేతిని చూసింది. గ్లాసు ఎత్తింది. ఎడమచేత్తో. పైనుంచి పోసుకోలేదు. అంచు పెదాలకు ఆనించి, అడుగు కనపడేదాకా తాగి, కింద పెట్టింది.

రాధాబాయి చెయ్యి దించి రొట్టె తుంచింది. దగ్గు వచ్చింది. లోపలే నొక్కుకుంది. భుజాలు రెండుసార్లు అదిరాయి.

చప్పుడు లేని ఆ దగ్గును బాలనర్సయ్య చూశాడు.

తింటున్నవాడు లేచాడు. చెయ్యి అంగీకి తుడుచుకున్నాడు. అంజవ్వ వెనకనున్న కిటికీని దాటి నడిచాడు. రాధాబాయి తలమీదుగా వంగి, రెండో కిటికీకి కొట్టిన గోనెసంచి అంచు పట్టుకుని లాగాడు. మేకులు ఒక్కొక్కటే ఊడి వచ్చాయి. రెక్కలు బయటికి తోశాడు. ముసురు గాలి లోపలికి వచ్చింది. చాటలో ఆకు కదిలింది. తంబాకు లేచి, వెలుతురులో తిరిగి, బయటికి పోయింది.

ఆయన వచ్చి తన పళ్ళెం ముందు కూచున్నాడు. పచ్చిపులుసు పోసుకున్నాడు.

రాజనర్సు ఆ కిటికీని చూశాడు. ఆ తర్వాత, ఇంకా మూసే ఉన్న తల్లి వెనక కిటికీని చూశాడు. తండ్రి జేబులోంచి బయటికి కనిపిస్తున్న కాగితం మడతను చూశాడు. తొడమీది పిల్ల చుట్టూ ఉన్న వాడి చెయ్యి వదులైంది.

స్వరూప రొట్టె తుంచింది. అంజవ్వ తుంచింది. రాధాబాయి తల ఎత్తకుండా, గాలికి ఎగిరే కొంగును పట్టుకోకుండా, ముద్ద తర్వాత ముద్ద తింటూ ఉంది.